గోల్‌కీపింగ్ నేర్చుకుందాం – 4వ పాఠం: జోఫ్ నిలబడిన చోటు

పోయిన పాఠంలో చేతుల పని చూశాం. ఛాతీకి పైన వచ్చే బంతికి బొటనవేళ్లు దగ్గరగా, నడుముకు కింద వచ్చే బంతికి చిటికెన వేళ్లు దగ్గరగా పెట్టాలి. గోడకు కొట్టి పట్టుకునే ఆ సాధన ఆపకండి, ఈ వారం కూడా రోజూ కాసేపు చేయండి. ఇప్పుడు కాళ్ల దగ్గరికి వద్దాం. కొత్తగా గోల్‌లో నిలబడే ప్రతి కుర్రాడూ ముందు డైవ్ నేర్పమంటాడు. డైవ్ నేర్పుతాను, కానీ ఇంకా టైముంది. ముందు, డైవ్ అవసరం రాకుండా ఎక్కడ నిలబడాలో తెలియాలి.

ఈ విషయం నేర్చుకోవడానికి ఇటలీ గోల్‌కీపర్ డీనో జోఫ్‌ని మించిన ఉదాహరణ నాకు తెలియదు. ఆయన 1942 ఫిబ్రవరి 28న, ఈశాన్య ఇటలీలోని ఫ్రియులి ప్రాంతంలో మరియానో దెల్ ఫ్రియులి అనే ఊళ్లో, రైతు కుటుంబంలో పుట్టాడు. పద్నాలుగేళ్ల వయసులో ఇంటర్ మిలాన్, యువెంటస్ క్లబ్బులకు ట్రయల్స్‌కి వెళ్తే రెండుచోట్లా పొట్టిగా ఉన్నాడని వద్దన్నారు. గుడ్లు బాగా తినమని ఇంట్లో పెద్దావిడ పట్టుబట్టిందని, ఆ తర్వాతే ఎత్తు పెరిగాడని జోఫ్ కథ చెప్పేవాళ్లంతా చెబుతారు. ఒకపక్క మెకానిక్ పని నేర్చుకుంటూ ఆట కొనసాగించాడు. ఎంత పెరిగినా చివరికి ఎత్తు 1.82 మీటర్లే. ఇప్పుడు ఇటలీ గోల్‌లో నిలబడే డొన్నరుమ్మా 1.96 మీటర్లు. గోల్ మాత్రం అప్పుడూ ఇప్పుడూ అదే: 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు. చేతులు చాలని చోట తలతో, కాళ్లతో పని జరిపించుకోవాలి. జోఫ్ ఆట మొత్తం అదే.

మొదలు మాత్రం ఏమంత బాగా లేదు. 1961 సెప్టెంబరులో ఉడినీసే క్లబ్ తరఫున ఇటలీ అగ్ర లీగ్ సీరీ ఎ లో తొలి మ్యాచ్ ఆడితే ఫియొరెంటీనా 5-2తో ఓడించింది. ఆ సీజన్‌లో ఉడినీసే కింది డివిజన్‌కి పడిపోయింది. 1963లో మాంటోవాకి, 1967లో నాపోలీకి, 1972లో యువెంటస్‌కి మారాడు. అంటే పదహారేళ్ల కిందట పొట్టివాడని పంపేసిన క్లబ్బే ముప్పై ఏళ్ల వయసులో పిలిచి తీసుకుంది. అక్కడ 11 సీజన్లు ఆడాడు, ఒక్క లీగ్ మ్యాచ్ కూడా మానలేదు. వరుసగా 330 మ్యాచ్‌లు. అనవసరంగా గాల్లోకి ఎగిరి నేల మీద పడని గోల్‌కీపర్ ఒళ్లు ఎక్కువకాలం నిలుస్తుందని నేను నమ్ముతాను. ఈ అంకె చూసినప్పుడల్లా ఆ నమ్మకం గట్టిపడుతుంది.

ఇక గ్రౌండ్‌లోకి పదండి. యాభై ఐదు మీటర్ల నైలాన్ తాడు, ఒక మేకు, కాస్త ముగ్గుపిండి తెచ్చుకోండి. తోడు ఒక మనిషి ఉంటే చాలు.

తాడు ఒక కొసను ఒక పోస్టు అడుగున, రెండో కొసను రెండో పోస్టు అడుగున కట్టండి. తాడు మధ్యభాగాన్ని ముందుకు లాగి, బంతి ఉన్నచోట మేకు కొట్టి దానికి చుట్టండి. ఇప్పుడు నేల మీద ఒక త్రికోణం కనబడుతుంది. నేల మీద వచ్చే షాట్ గోల్‌లోకి పోవాలంటే ఈ త్రికోణంలోంచే పోవాలి. దాని బయట మీకు పనిలేదు.

మేకును ముందు పెనాల్టీ స్పాట్ దగ్గర, అంటే గోల్‌కి ఎదురుగా 11 మీటర్ల దూరంలో పెట్టండి. గోల్ గీత మీద నిలబడి చూస్తే రెండు తాళ్ల మధ్య 7.32 మీటర్లూ మీవే. బంతివైపు మూడు మీటర్లు నడవండి. ఇప్పుడు తాళ్ల మధ్య దూరం సుమారు 5.3 మీటర్లు. ఇంకో రెండు మీటర్లు ముందుకెళ్తే నాలుగు మీటర్లే మిగులుతుంది. ఆ మధ్యలో నిలబడి రెండు చేతులూ చాచండి. అటో అడుగు, ఇటో అడుగు వేస్తే తాళ్లు అందుతాయి. చూస్తున్న ఫార్వర్డ్‌కి గోల్ చిన్నదైపోతుంది.

మరి ఎప్పుడూ ముందుకే వెళ్తే సరిపోదా? మేకును 25 మీటర్ల దూరానికి మార్చి చూడండి. ఇక్కడ మీరు మూడు మీటర్లు ముందుకొచ్చినా తాళ్ల మధ్య ఇంకా 6.4 మీటర్లకు పైనే ఉంటుంది. లాభం తక్కువ. పైగా తల మీదుగా బంతి లేపి వేసే అవకాశం ఎదుటివాడికి ఇచ్చినట్టవుతుంది. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో కొట్టిన బంతి 11 మీటర్ల నుంచి అర సెకను లోపే వచ్చేస్తుంది, 25 మీటర్ల నుంచి సెకను పడుతుంది. దగ్గర బంతికి ముందుకెళ్లి త్రికోణాన్ని తగ్గించుకోవాలి, దూరపు బంతికి వెనక ఉండి టైము దక్కించుకోవాలి.

ఇప్పుడు అసలైన చిక్కు. మేకును పక్కకు జరపండి. దగ్గరి పోస్టుకు 6 మీటర్లు, దూరపు పోస్టుకు 12 మీటర్లు ఉండేలా పెట్టండి. చాలామంది ఇక్కడ కూడా గోల్ మధ్యలోంచి బంతికి ఒక గీత ఊహించుకుని దాని మీద నిలబడతారు. నిలబడాల్సిన గీత అది కాదు. బంతి దగ్గర రెండు తాళ్లు చేసే కోణాన్ని సరిగ్గా సగం చేసే గీత మీద నిలబడాలి. స్కూల్లో చదివిన జామెట్రీ గుర్తు చేసుకోండి: ఆ గీత గోల్ గీతను 6:12 నిష్పత్తిలో, అంటే 1:2గా కోస్తుంది. దగ్గరి పోస్టు నుంచి 2.44 మీటర్లు. గోల్ మధ్య బిందువు 3.66 దగ్గర ఉంది కాబట్టి తేడా మీటరుకు పైనే. నియర్ పోస్టు, అంటే బంతికి దగ్గరి పోస్టు, దగ్గర గోల్ తింటే కోచ్‌లకు అంత కోపం ఎందుకొస్తుందో ఈ మీటరు చెబుతుంది.

మేకును ఎడమ నుంచి కుడికి కొద్దికొద్దిగా జరుపుతూ, ప్రతిసారీ మీరు నిలబడాల్సిన చోట ముగ్గుపిండితో చుక్క పెట్టండి. చుక్కలు కలిపితే ఒక పోస్టు నుంచి ఇంకో పోస్టు దాకా ముందుకు ఉబ్బిన వంపు గీత వస్తుంది. మ్యాచ్‌లో మీరు తిరగాల్సిన దారి అదే. ఆ దారి కాళ్లకు అలవాటవ్వాలి. మ్యాచ్ మధ్యలో వెనక్కి తిరిగి పోస్టులు చూసుకునే టైముండదు కదా. పెనాల్టీ స్పాట్, బాక్స్ మూలలు చూసి ఎక్కడున్నారో పోల్చుకోవాలి. పోస్టుకు దగ్గరగా వచ్చినప్పుడు చేత్తో ఒకసారి తాకి చూసుకోవచ్చు.

చోటు దొరికితే సగం పనే అయింది. మిగతా సగం, ఆ చోట ఆగడం. ఎదుటివాడి కాలు షాట్ కోసం వెనక్కి వెళ్లిన క్షణంలో మీ రెండు పాదాలూ నేల మీద ఉండాలి. పాదాల మధ్య భుజాలంత ఎడం, బరువు మునివేళ్ల వైపు, మోకాళ్లు కాస్త వంచి, చేతులు నడుము ఎత్తులో. దీన్నే కీపర్లు ‘సెట్’ అవ్వడం అంటారు. పరుగులో ఉన్నవాడు దిశ మార్చుకోవడానికి ముందు ఆగాలి, ఆ తర్వాత దూకాలి. షాట్ వచ్చాక అంత తీరిక ఉండదు. అందుకే, సరైన చోటుకు ఇంకా అడుగు దూరంలో ఉన్నా సరే, కాలు వెనక్కి వెళ్లిందంటే ఆగిపోండి. కదులుతూ సరైన చోట ఉండటం కన్నా, కాస్త తప్పు చోటైనా ఆగి ఉండటం మేలు.

ఇదంతా ఒక్క చోట చూడాలంటే 1982 జులై 5న బార్సిలోనాలోని సరియా స్టేడియంలో ఇటలీ, బ్రెజిల్ ఆడిన ప్రపంచకప్ మ్యాచ్ చివరి నిమిషాలు వెతికి చూడండి. ఇటలీ 3-2తో ముందుంది. బ్రెజిల్‌కి డ్రా అయినా చాలు, సెమీఫైనల్‌కి వెళ్లిపోతుంది. ఎడమవైపు నుంచి ఏదర్ ఫ్రీకిక్ వేశాడు. డిఫెండర్ ఆస్కార్ ఎగిరి తలతో కిందికి గట్టిగా కొట్టాడు. జోఫ్ పక్కకు పడి, సరిగ్గా గోల్ గీత మీద బంతిని రెండు చేతులతో నొక్కి పట్టేశాడు. ఆపి మళ్లీ మళ్లీ చూస్తే తెలుస్తుంది: అందులో గొప్ప గెంతు లేదు. ముందే సరైన చోట ఉన్నాడు కాబట్టి చిన్న కదలిక సరిపోయింది. అంతకన్నా ముఖ్యం, బంతి చేతిలోంచి జారలేదు. చుట్టూ పసుపు చొక్కాలున్నాయి, అంగుళం జారినా ఎవరో ఒకరు లోపలికి తోసేవారు. పోయిన పాఠంలో రీబౌండ్ ఇవ్వొద్దని, అంటే బంతి చేతికి తగిలి మళ్లీ ఆటలోకి పోనివ్వొద్దని, అన్నిసార్లు ఎందుకు చెప్పానో ఇక్కడ కనబడుతుంది. ఆరు రోజుల తర్వాత మాడ్రిడ్‌లో పశ్చిమ జర్మనీని 3-1తో ఓడించి, కెప్టెన్‌గా జోఫ్ కప్పు ఎత్తాడు. వయసు నలభై. అంత వయసులో ప్రపంచకప్ గెలిచిన ఆటగాడు ఇప్పటికీ ఇంకొకరు లేరు.

అయితే, నిలబడే చోటు అన్నిటినీ ఆపదు. 1978 ప్రపంచకప్‌లో నెదర్లాండ్స్ ఆటగాడు ఆరీ హాన్ చాలా దూరం నుంచి కొట్టిన బంతి పోస్టు లోపలి అంచుకు తగిలి నెట్‌లో పడింది. మూడో స్థానం మ్యాచ్‌లో బ్రెజిల్ ఆటగాడు నెలీన్యో కుడి పక్క నుంచి కొట్టిన షాట్ గాల్లో వంకర తిరిగి దూరపు మూల చేరింది. ముప్పై ఆరేళ్ల జోఫ్‌కి చూపు తగ్గిందని పత్రికలు రాశాయి, ఇక చాలించమన్నాయి. నా మటుకు అవి రెండూ గొప్ప షాట్లు. కానీ నేర్చుకునేవాళ్లకు వాటిలో పాఠం ఉంది. తాడు తిన్నగా ఉంటుంది, బంతి తిన్నగా రావాలని లేదు. పక్క నుంచి, పాదం అంచుతో కొట్టే షాట్‌కి కోణం సగం చేసే గీత ఒక మొదలు మాత్రమే. బంతి బయల్దేరాక కూడా కళ్లతో వెంటపడాలి, ముందే ఒకవైపు ఒరిగిపోకూడదు. 1983లో ఏథెన్స్‌లో జరిగిన యూరోపియన్ కప్ (యూరప్ క్లబ్బుల పెద్ద పోటీ) ఫైనల్‌లో హాంబర్గ్ ఆటగాడు ఫెలిక్స్ మగాట్ దూరం నుంచే కొట్టి యువెంటస్‌ని 1-0తో ఓడించాడు. ఆ వేసవిలోనే జోఫ్ రిటైరయ్యాడు. ఆరు లీగ్ టైటిళ్లు, 112 అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడిన మనిషికి యూరోపియన్ కప్ ఒక్కటే దక్కలేదు. నాకది ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇంకో సంగతి. మీ చోటు మీరొక్కరే నిర్ణయించుకునేది కాదు, ముందున్న డిఫెండర్‌ని బట్టి కూడా ఉంటుంది. గోల్‌లో ఉన్న జోఫ్‌కి ముందు ఎన్నో ఏళ్లు డిఫెండర్ గయెతానో షిరెయా ఆడాడు. ఇద్దరూ మితభాషులు, ప్రాణస్నేహితులు. ఒక డిఫెండర్ నియర్ పోస్టు వైపు దారి మూసేస్తే మీరు రెండో వైపు కాస్త జరగొచ్చు. అయితే అతను మూస్తున్నాడని మీకు నమ్మకం ఉండాలి, ఆ మాట షాట్‌కి ముందే అనుకుని ఉండాలి. ‘లెఫ్ట్ నీది’, ‘వదిలెయ్’, ‘నాది’: రెండు మూడు మాటలు చాలు, టైముకు వినబడాలంతే. కేకలు పెట్టినంత మాత్రాన డిఫెన్స్ కుదురుకోదు.

కోచ్ అయ్యాక కూడా జోఫ్ తీరు ఇదే. 1988లో యువెంటస్ కోచ్‌గా వచ్చినప్పుడు షిరెయాని సహాయకుడిగా పెట్టుకున్నాడు. 1989 సెప్టెంబరు 3న, ప్రత్యర్థి జట్టును చూసి రావడానికి పోలండ్ వెళ్లిన షిరెయా అక్కడ కారు ప్రమాదంలో చనిపోయాడు. ఆ దుఃఖంలోనే జోఫ్ ఆ సీజన్‌లో ఇటలీ కప్పు కొప్పా ఇటాలియా, యూరప్ క్లబ్బుల యుఏఫా కప్ రెండూ గెలిపించాడు. అయినా క్లబ్ ఆయన్ని ఉంచుకోలేదు. తర్వాత లాజియో క్లబ్‌కి కోచ్‌గా, అధ్యక్షుడిగా పనిచేసి, 1998లో జాతీయ జట్టు పగ్గాలు పట్టాడు. యూరో 2000కి ముందు గోల్‌కీపర్ బుఫోన్ చేతికి గాయమైతే టోల్డో దిగాడు. ఆమ్‌స్టర్‌డామ్‌లో నెదర్లాండ్స్‌తో సెమీఫైనల్‌లో ఇటలీ ముప్పై నాలుగో నిమిషం నుంచి పదిమందితోనే ఆడి, పెనాల్టీ షూటౌట్‌లో గెలిచింది. ఆ మ్యాచ్ మొత్తం చూడండి, డిఫెండర్లు, కీపర్ ఒకరి చోటును ఒకరు ఎలా కాచుకున్నారో తెలుస్తుంది. ఫైనల్‌లో ఫ్రాన్స్ ఆఖరి క్షణాల్లో స్కోరు సమం చేసి, గోల్డెన్ గోల్‌తో (అదనపు సమయంలో ముందు పడిన గోల్‌తోనే మ్యాచ్ ముగిసే పద్ధతి) గెలిచింది. ఫ్రాన్స్ ఆటగాడు జిదాన్‌కి ఒక మనిషిని కాపలా పెట్టలేదని ఇటలీ రాజకీయ నాయకుడు బెర్లుస్కోనీ బహిరంగంగా తప్పుబట్టాడు. జోఫ్ వాదనకు దిగలేదు, రాజీనామా చేశాడు. ఒక్క నిమిషంలో చేజారిన కప్పును పట్టుకుని ఆయన పనినంతా తీసిపారేయడం నాకు అన్యాయం అనిపిస్తుంది.

ఈ వారం సాధన. మొదటి రెండు రోజులు తాడు కట్టి ఐదారు చోట్ల మేకు మార్చి చూడండి, షాట్లు వద్దు. తర్వాత తాడు విప్పేయండి. మీ తోడు వచ్చినవాళ్లు బంతితో అటూఇటూ తిరుగుతూ ఉన్నట్టుండి ఆగి చెయ్యెత్తాలి, మీరు అక్కడే సెట్ అవ్వాలి. తాడు పట్టి కొలిచి, ఎన్ని అడుగులు తేడా వచ్చిందో చూసుకోండి. తేడా ఒక అడుగులోపు వచ్చాకే షాట్లు మొదలుపెట్టండి. అవి కూడా మెల్లగా, నేల మీదే. గోల్ తింటే ఎగరలేదని బాధపడకండి. ఆ క్షణంలో పాదాలు ఎక్కడున్నాయో చూసి, అక్కడ ముగ్గుపిండి చల్లి, ఎక్కడ ఉండాల్సిందో కొలవండి.

వచ్చే పాఠం, ఒంటరిగా దూసుకొచ్చే ఫార్వర్డ్ గురించి. 1972 నుంచి 1974 దాకా జోఫ్ జాతీయ జట్టు తరఫున 1,142 నిమిషాలు గోల్ ఇవ్వకుండా నిలబడ్డాడు. 1974 జూన్ 15న మ్యూనిక్‌లో హైతీ ఆటగాడు ఇమ్మాన్యుయేల్ సనోన్ డిఫెండర్‌ని దాటేసి, ముందుకొచ్చిన జోఫ్‌ని కూడా చుట్టి వెళ్లి, ఖాళీ గోల్‌లోకి బంతి కొట్టాడు. ఆ గోల్‌ని అడుగు అడుగునా విడగొట్టి చూద్దాం. ఈలోగా దాన్ని ఒకసారి చూసి, జోఫ్ ఏ అడుగు దగ్గర ఆగాల్సిందో మీ నోటుబుక్కులో రాసి పెట్టుకోండి.