ఆటిజం ఉన్న మన పిల్లోణ్ణి స్టేషన్‌కు పిలిస్తే

కడపలో తమ్ముణ్ణి చూసుకుంటున్న అక్కగా చెబుతున్నా. సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఉందని ప్రభుత్వం ఇచ్చేది), డాక్టరు రిపోర్టు జిరాక్సులు ఇప్పుడే తీసిపెట్టుకోండి. పోలీసులు "నువ్వే తీశావా?" అంటే మావాడు "నువ్వే తీశావా" అనే అంటాడు. ముఖం చూడడు, వేళ్లు ఆడిస్తుంటాడు. అది ఒప్పుకోలూ కాదు, పొగరూ కాదు. ఇదే కాగితం మీద రాసి ఎస్ఐగారికి ఇవ్వండి, కాపీ మీద సంతకం తప్పకుండా తీసుకోండి. విచారణలో లాయరును కలిసే హక్కుంది, గట్టిగా అడగండి. వికలాంగులకు ఫీజు లేకుండా లాయరునిస్తారు: జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి.

ఆటిజం ఉన్నంత మాత్రాన కేసు పోదు. చేసేటప్పుడు అదేం పనో, తప్పో కాదో తెలిసే స్థితి వాడికుందా అన్నదే బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత, నేరాల చట్టం) 22వ సెక్షన్ చూస్తుంది. అందుకే ఆ రోజు వాడెలా ఉన్నాడో మర్చిపోకముందే రాసి లాయరుకివ్వండి.