సొంత స్టార్టప్ కోడును పీఐఈలో నడిపించడం ఎలా?

హైదరాబాద్‌లో ఇంటి నంబరు ఒక్కటే పట్టుకుని బయలుదేరితే ఇల్లు దొరకడం కష్టం. "ఇప్పుడు ఎక్కడున్నారు? అక్కడి నుంచి రెండో సందు, ఎడమ పక్క" అని చెబితేనే చేరుకుంటాం. ఏ చిరునామాలో లోడ్ చేసినా నడిచే ప్రోగ్రామును పీఐఈ (పొజిషన్ ఇండిపెండెంట్ ఎగ్జిక్యూటబుల్) అంటారు. అదీ ఇలాగే దారి వెతుక్కుంటుంది. అమీర్‌పేటలో సాయంత్రం పాఠాలు చెబుతూ నేను పదే పదే చూసే తప్పు ఒకటే: మెయిన్ కంటే ముందు నడిచే స్టార్టప్ కోడులోకి స్థిర చిరునామాలు చొరబడడం. లినక్స్‌లో, 64 బిట్ ఎక్స్86 మీద దీన్ని సరిదిద్దే పద్ధతి ఇది.

ముందుగా, ప్రోగ్రామ్ ఫైలు లోపలి వివరాలు చూపే రీడెల్ఫ్‌తో ఫైలు హెడర్ చూడండి. టైపు దగ్గర ‘ఎగ్జెక్’ అని ఉంటే చిరునామా స్థిరం, ఈ పని అక్కర్లేదు. ‘డైన్’ అని ఉంటే ఇంటర్‌ప్రెటర్ సెగ్మెంట్ ఉందేమో చూడండి. ఉంటే, నడిచే ముందు లైబ్రరీలను కలిపే డైనమిక్ లింకర్ రీలొకేషన్లు (లోడైన చోటుకు తగ్గట్టు చిరునామాలను సరిదిద్దడం) పూర్తి చేశాకే మీ కోడుకు వంతు వస్తుంది. లేకపోతే అది డైనమిక్ లింకర్ సాయం లేని స్టాటిక్ పీఐఈ, ఆ భారం మీదే. కింది మెట్లు దానికోసమే.

1. అసెంబ్లీ భాగాన్ని చిన్నగా ఉంచండి. ఈబీపీ రిజిస్టర్‌ను సున్నా చేసి, స్టాకు చిరునామా ఉండే ఆర్‌ఎస్‌పీ రిజిస్టర్‌ను ఆర్‌డీఐలోకి కాపీ చేయండి. ఆర్గ్‌సీ, ఆర్గ్‌వీ, ఎన్విరాన్‌మెంట్, ఆగ్జిలరీ వెక్టర్ (కెర్నెల్ ప్రోగ్రాముకు ఇచ్చే సమాచార పట్టిక) అన్నీ అక్కడి నుంచే వరుసగా ఉంటాయి. రీలొకేషన్ల వివరాలుండే డైనమిక్ పట్టిక చిరునామాను, ఇప్పుడు నడుస్తున్న చోటును చూపే ఆర్‌ఐపీ ఆధారంగా, ‘లీ’ ఆదేశంతో ఆర్‌ఎస్‌ఐలోకి తీసుకోండి. ఆ పట్టిక పేరును, అంటే సింబల్‌ను, తప్పకుండా ‘హిడెన్’గా (ప్రోగ్రాము బయటికి కనిపించనిదిగా) ప్రకటించండి. స్టాకును 16 బైట్లకు సర్ది సీ ఫంక్షన్‌ను పిలవండి.

2. బేస్, అంటే ప్రోగ్రామ్ లోడైన మొదటి చిరునామా, కనుక్కోండి. ఆగ్జిలరీ వెక్టర్‌లో 3వ రకం ఎంట్రీ ప్రోగ్రామ్ హెడర్లను చూపుతుంది. వాటిలో డైనమిక్ సెగ్మెంట్‌కు లింకర్ రాసిన చిరునామాను, ఆర్‌ఎస్‌ఐలో వచ్చిన అసలు చిరునామా నుంచి తీసివేస్తే బేస్ వస్తుంది.

3. రీలొకేషన్లు చేయండి. డైనమిక్ పట్టికలో 7వ ట్యాగు రేలా పట్టిక (రీలొకేషన్ల జాబితా) ఎక్కడుందో, 8వది దాని పరిమాణం ఎంతో చెబుతాయి. ఒక్కో ఎంట్రీ 24 బైట్లు: ఆఫ్‌సెట్, ఇన్ఫో, అడెండ్. రకం 8, అంటే ‘రిలేటివ్’ అయితే, బేస్‌కు ఆఫ్‌సెట్ కలిపిన చోట, బేస్‌కు అడెండ్ కలిపిన విలువ రాయండి.

ఈ మూడో మెట్టు ఎందుకో ఒకసారి గట్టిగా తెలిసొచ్చింది. సందేశాల పట్టికలోంచి ఒక మాట ముద్రించబోతే ప్రోగ్రామ్ కూలిపోయింది. డీబగ్గర్‌లో చూస్తే ఆ పాయింటర్ విలువ హెక్సాలో 2008. అది లింకర్ ఊహించిన చిరునామా, ఇంకా బేస్ కలవలేదు. అందుకే రీలొకేషన్లు ముగిసేవరకు పాయింటర్లున్న గ్లోబల్ పట్టికలను ముట్టుకోకండి, ఇతర లైబ్రరీ ఫంక్షన్లనూ పిలవకండి. స్టాకు చెడితే పట్టుకునే స్టాక్ ప్రొటెక్టర్‌ను కూడా ఆ ఫైలు వరకు ఆపేయండి. అది వాడే విలువ థ్రెడ్ రిజిస్టర్ ద్వారా చదవాలి, ఆ రిజిస్టర్ ఇంకా సిద్ధం కాలేదు.

4. పీఐఈ ఆప్షన్‌తో కంపైల్ చేసి, స్టాటిక్-పై, నో-స్టార్ట్-ఫైల్స్ ఆప్షన్లతో లింక్ చేయండి. రీడెల్ఫ్ రీలొకేషన్ల జాబితాలో ‘రిలేటివ్’ తప్ప ఇంకేమైనా కనిపిస్తే ముందు ఆ సింబల్ సంగతి తేల్చండి.

చివరగా మెయిన్ చిరునామాను ముద్రించి, ప్రోగ్రామును పదిసార్లు నడపండి. చిరునామా మారుతూ ఉండాలి, సందేశం మాత్రం ప్రతిసారీ సరిగ్గా రావాలి.