క్రోమోజోములు చదువుదాం – 4: ఒకటో జతతో వచ్చిన తంటా

పోయిన పాఠానికి వచ్చిన జవాబులు చూశాక కొత్త సంగతి పక్కన పెట్టేశాను. పోయిన పాఠంలోని క్రెస్టెడ్ న్యూట్ (బల్లిలా తోక ఉండే ఉభయచరం) క్రోమోజోముల ఫొటో చూసి మన బెంగళూరు బ్యాచ్‌లో చాలామంది, "ఒకటో జతలో రెండూ ఒకేలా లేవు, కాబట్టి ఈ న్యూట్ రెండు ఉపజాతుల సంకరం" అని రాశారు. కాదండీ!

క్రెస్టెడ్ న్యూట్‌కి 24 క్రోమోజోములు, 12 జతలు. లెక్కపెట్టడం మీకొచ్చు, వదిలేద్దాం. ఎదిగే అండకణంలో ఇవి బాగా సాగి, పక్కలకి లూపులు విడుస్తాయి. దీపం బుడ్డి తుడిచే బ్రష్‌లా కనిపించే ఈ లాంప్‌బ్రష్ క్రోమోజోములు చూసే కాలన్, లాయిడ్ అనే శాస్త్రవేత్తలు 1960లో క్రిస్టేటస్, కార్నిఫెక్స్, కరెలినై లాంటి ఉపజాతుల పటాలు గీశారు. ఆ ఉపజాతుల్ని ఇప్పుడు వేర్వేరు జాతులంటున్నారు. మన చేతిలో ఉన్నవి పాత పటాలు, పాత పేర్లే ఉంచుదాం.

ఇక ఆ ఒకటో జత. అందులో ఒకటి ఎ, రెండోది బి అనుకోండి. పొడవాటి బాహువులో చాలా మేర ఈ రెండూ పొసగవు. తల్లి ఎబి, తండ్రీ ఎబి. పిల్లల్లో పావు వంతు ఎఎ, పావు వంతు బిబి, సగం ఎబి. ఎఎ, బిబి పిండాలు తోక మొగ్గ తొడిగే దశ దాటవు. అంటే పెట్టిన గుడ్లలో సగం పోయినట్టే. బతికి పెద్దదైన ప్రతి న్యూటూ ఎబియే: ఆడదైనా, మగదైనా, క్రిస్టేటస్ అయినా, కార్నిఫెక్స్ అయినా. అందరికీ ఉన్న మచ్చని పట్టుకుని ఫలానా వాడని ఎలా గుర్తుపడతారు? ఒకే జంతువులో జత లోపలి తేడా వేరు, ఉపజాతుల మధ్య తేడా వేరు. రెండోది కావాలంటే ఈ ఫొటోలోని ఐదో జతని ఆ ఫొటోలోని ఐదో జతతోనే పోల్చాలి.

ఉదాహరణకి సెంట్రోమియర్, అంటే క్రోమోజోము రెండు బాహువులూ కలిసే చోటు చూడండి. క్రిస్టేటస్‌లో అది లూపుల్లేని చిన్న గింజ, వెతుక్కోవాలి. కరెలినైలో దాన్ని ఆనుకుని లావుపాటి కడ్డీలు, చూడగానే కనిపిస్తాయి. నాకైతే కరెలినై ఫొటోలంటేనే ఇష్టం, కళ్లకి శ్రమ తక్కువ.

కొలతకి సాఫ్ట్‌వేర్ జోలికి నేను పోను. ప్రింటవుట్ మీద కుట్టుదారం వంపుల వెంట పరిచి, స్కేలుతో కొలుస్తాను. మైక్రాన్లు పోల్చకండి, స్లైడు మీద క్రోమోజోము ఎంత సాగిందో చెప్పలేం. నిష్పత్తులే నమ్మండి.

అభ్యాసం: లాల్‌బాగ్ చెరువంతా గాలించినా న్యూట్ దొరకదు, ఫొటోలే గతి. క్రిస్టేటస్, కరెలినై ఫొటోలు చెరొకటి తీసుకుని 2 నుంచి 12 దాకా అన్ని జతల్లో సెంట్రోమియర్ ఎక్కడుందో పొడవులో శాతంగా రాయండి. ఒక్కోటి మూడుసార్లు కొలవాలి. మూడూ అచ్చంగా ఒకటే వచ్చాయని రాస్తే నమ్మను.