కారణాలు విడదీసి రాయడం – 3వ పాఠం: ఆరు వలస రాజ్యాలు ఒక్కటెందుకయ్యాయి?

పోయిన పాఠంలో ఇచ్చిన ప్రశ్న గుర్తుందా? ఆస్ట్రేలియాలోని ఆరు బ్రిటిష్ వలస రాజ్యాలు 1901 జనవరి 1న ఒకే సమాఖ్యగా ఎందుకు మారాయి? నల్లగొండలో గ్రూప్స్‌కు చదువుతున్న మన పిల్లల్లో చాలామంది "ఐక్యతా భావం పెరిగింది" అని రాశారు. అలా రాస్తే మార్కులు పడవు. ఆ భావం ఎందుకు పెరిగిందో కదా అడిగింది.

ఏ కారణం రాసినా దాన్ని రెండు ప్రశ్నలు అడగండి: భయం ఎవరికి? అప్పుడే ఎందుకు?

1883లో ఆ ఆరింటిలో ఒకటైన క్వీన్స్‌లాండ్ తనంతట తానే ఉత్తరాన ఉన్న న్యూగినీ దీవిని కలిపేసుకోబోతే బ్రిటన్ ఒప్పుకోలేదు. మరుసటి ఏడే ఆ దీవి ఈశాన్య భాగాన్ని జర్మనీ తీసుకుంది. ఎవరికి వారు అడిగితే లండన్ వినదని అప్పుడు తెలిసొచ్చింది. 1889లో మేజర్ జనరల్ ఎడ్వర్డ్స్ రక్షణ ఏర్పాట్లు పరిశీలించి, ఆరు సైన్యాలూ కలిసి పనిచేయాలని నివేదిక ఇచ్చాడు. ఆ అక్టోబర్‌లోనే న్యూ సౌత్ వేల్స్ ప్రీమియర్ (ప్రభుత్వాధినేత) హెన్రీ పార్క్స్ టెంటర్‌ఫీల్డ్ పట్టణంలో సమాఖ్య కావాలని ప్రసంగించాడు. తేదీలు ఇలా పక్కపక్కన పెడితే కారణం దానంతట అదే కనబడుతుంది.

ఆసియా వాళ్లను రానీయకూడదన్న పట్టుదల కూడా ఒక కారణమే. 1901లోనే వలసల నిరోధక చట్టం చేశారు. చదువుతుంటే మనసుకు కష్టంగా ఉంటుంది, అయినా జవాబులో వదలొద్దు.

ఇక సుంకాలు. న్యూ సౌత్ వేల్స్‌కు, విక్టోరియాకు మధ్య ఎల్లగా ఉన్న మర్రే నది దాటే సరుకుకు సుంకం కట్టాల్సి వచ్చేది. మనకిది కొత్త కాదు. వాడపల్లి దగ్గర కృష్ణకు ఇవతల నిజాం రాజ్యం, అవతల మద్రాసు ప్రెసిడెన్సీ. ఎల్ల దాటే సరుకుకు కరోడ్‌గిరి (నిజాం రాజ్యపు సుంకం) కట్టిన సంగతి మా తాత చెప్పేవాడు. సుంకం ఆర్థిక విషయమే. కానీ దాన్ని వేసే అధికారం ఎవరిదన్నది రాజకీయం. జవాబులో ఈ తేడా చూపించండి.

భయం ఉన్నంత మాత్రాన ఒప్పందం కుదరదు. జనం తక్కువున్న టాస్మానియాకు పెద్ద రాజ్యాలు మింగేస్తాయన్న టెన్షన్. అందుకే సమాఖ్య పార్లమెంటు ఎగువ సభ అయిన సెనేట్‌లో ఒక్కో రాష్ట్రానికి సమానంగా ఆరు సీట్లు ఇచ్చారు. పెద్దదైన న్యూ సౌత్ వేల్స్‌కు అది నచ్చలేదు. సమాఖ్య రాజ్యాంగ ముసాయిదాపై 1898లో జరిగిన ఓటింగులో అక్కడ అవునన్నవాళ్లే ఎక్కువైనా, కావలసిన 80,000 ఓట్లు రాలేదు. మార్పులు చేశాక ఆ ముసాయిదా 1899లో గెలిచింది.

ఇంటి పని: సమాఖ్య రాజ్యాంగం రాయడానికి పెట్టిన 1891 సమావేశానికి న్యూజిలాండ్ ప్రతినిధులూ వచ్చారు, కానీ ఆ దేశం చేరలేదు. అవే రెండు ప్రశ్నలు వేసి, ఎందుకు చేరలేదో పది వాక్యాల్లో రాయండి. పక్కన మ్యాపు పెట్టుకోండి, మధ్యలో ఎంత సముద్రం ఉందో చూడండి. వచ్చే పాఠంలో 1867 నాటి కెనడా.