వాద్యబృందానికి గ్రూవ్ కుదిరేదెలా?

బృందంలో ప్రతి ఒక్కరూ విడిగా మెట్రోనోమ్‌తో (సమాన వేగంతో టిక్ టిక్ మనే సాధనంతో) తప్పు లేకుండా వాయించగలిగినా, కలిసి వాయించేసరికి పాట వదులుగా వినిపించి, గ్రూవ్ (అందరి లయ ఒక్కటై బిగువుగా సాగే తీరు) కుదరకపోవడం తరచుగా జరిగేదే. అలాంటప్పుడు నింద సాధారణంగా డ్రమ్మర్ మీద పడుతుంది. కానీ చాలా సందర్భాల్లో టెంపో (పాట వేగం) నిలకడగానే ఉంటుంది. బీట్ లోపలి విభజనను ఒక్కొక్కరు ఒక్కో విధంగా ఊహించుకోవడం వల్లా, స్వరాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో చూసుకున్నంత శ్రద్ధగా ఎక్కడ ఆపాలో చూసుకోకపోవడం వల్లా ఆ వదులుతనం వస్తుంది. కాబట్టి సాధనను ఈ రెండింటితోనే మొదలుపెట్టడం మంచిది.

ముందుగా వాద్యాలను పక్కన పెట్టండి. పాట టెంపో నిమిషానికి 100 బీట్లయితే ఒక్కో బీట్ నిడివి 600 మిల్లీసెకన్లు. దాన్ని నాలుగు చేస్తే ఒక్కో భాగం 150 మిల్లీసెకన్లు. అందరూ చేతులతో బీట్ చరుస్తూ, ప్రతి బీట్‌కూ 'త-క-ధి-మి' అని నాలుగు అక్షరాలను సమానంగా పైకి పలకాలి. గాయకులకు కూడా ఇందులో మినహాయింపు ఉండకూడదు. పాట నడక తిశ్రమైతే, అంటే బీట్‌కు మూడు భాగాలైతే, 'త-కి-ట' అని పలకాలి. అసలు చిక్కు షఫుల్, స్వింగ్ పాటలతో వస్తుంది. వాటిలో బీట్‌లోని మొదటి స్వరం పొడుగ్గా, రెండవది పొట్టిగా ఉంటుంది. ఆ నిష్పత్తి కచ్చితంగా 2:1 ఉండాలన్న నియమం లేదు, పైగా టెంపో పెరిగే కొద్దీ అది సమానానికి దగ్గరవుతూ ఉంటుంది. హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు) ఒక నిష్పత్తిలోనూ గిటార్ మరో నిష్పత్తిలోనూ నడిస్తే, బీట్ మీద అందరూ కలుస్తున్నా మధ్యలో గలిబిలిగా ఉంటుంది. అందుకే ఒక వాద్యాన్ని, సాధారణంగా హై-హ్యాట్‌ను, ప్రమాణంగా పెట్టుకొని మిగిలినవారు దానికి సర్దుకోవాలి.

తరువాత డ్రమ్స్, బేస్ గిటార్ మాత్రమే వాయించాలి, మిగిలినవారు వినాలి. ఈ దశకు ఎంత సమయం ఇచ్చినా ఎక్కువ కాదని నా అభిప్రాయం. నాలుగు బీట్ల బార్‌లో (లయ ఆవృత్తిలో) కిక్ డ్రమ్ (కాలితో మోగించే పెద్ద డ్రమ్) మొదటి బీట్ 'త' మీదా, మూడవ బీట్ 'ధి' మీదా పడుతోందనీ, స్నేర్ (కర్రలతో వాయించే, పదునైన శబ్దమిచ్చే చిన్న డ్రమ్) రెండు, నాలుగు బీట్ల మీద పడుతోందనీ అనుకుందాం. బేస్ కూడా కిక్‌తో పాటే ఆ రెండు చోట్లా స్వరం వేస్తుంది. ఇప్పుడు మొదటి స్వరాన్ని మూడు రకాలుగా వాయించి చూడండి. మొదటిసారి స్నేర్ పడిన తరువాత కూడా దాన్ని మోగనివ్వండి. రెండవసారి సరిగ్గా స్నేర్ పడే క్షణంలో, అంటే 600 మిల్లీసెకన్ల దగ్గర, ఆపండి. మూడవసారి సగంలోనే, మొదటి బీట్ 'ధి' దగ్గర, ఆపండి. స్వరం మొదలైన చోటు మూడింటిలోనూ ఒకటే అయినా, మొదటిది బరువుగా సాగినట్టూ, రెండవదానిలో స్నేర్ ఒక్కసారిగా విచ్చుకున్నట్టూ, మూడవది చురుగ్గా ఎగిరినట్టూ వినిపిస్తాయి. ఏది సరైనదన్నది పాటను బట్టి ఉంటుంది, కాని ఏదో ఒకటి నిర్ణయించుకొని ప్రతి బార్‌లోనూ అదే పాటించాలి. స్వరాన్ని ఆపడానికి ఎడమచేతి వేలిని తీగ మీది నుంచి పూర్తిగా ఎత్తకుండా ఒత్తిడి మాత్రం వదలాలి. ఓపెన్ తీగ (వేలితో నొక్కకుండా మోగించే తీగ) అయితే కుడి అరచేతి అంచుతోనో ఖాళీగా ఉన్న వేలితోనో ఆపాలి. స్నేర్ మీద మెల్లగా వేసే ఘోస్ట్ నోట్లు కూడా ఆ ఖాళీల్లోనే వినిపిస్తాయి కాబట్టి, బేస్ ఆగకపోతే డ్రమ్మర్ శ్రమ సగం వృథా అవుతుంది.

ఈ ఇద్దరి జోడీ కుదిరాకనే గిటార్, కీబోర్డ్ చేరాలి. అమెరికన్ జాజ్ బృందం కౌంట్ బేసీ ఆర్కెస్ట్రాలో 1937లో చేరిన ఫ్రెడ్డీ గ్రీన్ దశాబ్దాల పాటు ప్రధానంగా బార్‌కు నాలుగు కార్డ్ దెబ్బలతోనే రిథమ్ గిటార్ వాయించాడు. అంత పెద్ద బృందంలో ఆ గిటార్ చాలాసార్లు విడిగా వినిపించదు, వాల్టర్ పేజ్ బేస్‌లోనూ జో జోన్స్ డ్రమ్స్‌లోనూ కలిసిపోయి ఉంటుంది. తమ వాద్యం స్పష్టంగా వినిపించాలని పట్టుబట్టే గిటారిస్టులు వినవలసిన వాయింపు అది. కీబోర్డ్ వాయించేవారు ఎడమచేతిని బేస్ స్థాయికి దిగనివ్వకుండా, స్వరాలను సాగదీసే సస్టెయిన్ పెడల్‌ను వీలైనంత తక్కువగా వాడాలి.

మెట్రోనోమ్ ప్రతి బీట్‌కూ మోగుతూ ఉంటే అది మన పనిని తానే చేసిపెడుతుంది. 100 టెంపో పాటకు దాన్ని 50కి పెట్టి, ఆ శబ్దాన్ని రెండు, నాలుగు బీట్లుగా భావించి వాయించండి. అది కుదిరాక 25కి, అంటే బార్‌కు ఒక్కసారికి, తగ్గించండి. కొన్ని మెట్రోనోమ్ యాప్‌లలో రెండు బార్లు మోగి రెండు బార్లు మౌనంగా ఉండే ఏర్పాటు ఉంటుంది. మౌనం తరువాత మళ్లీ మోగినప్పుడు బృందమంతా ముందుందా, వెనకుందా అన్నది దాచలేని విధంగా బయటపడుతుంది. చాలామంది ఫిల్స్ (పాట భాగాల మధ్య డ్రమ్మర్ వేసే చిన్న విన్యాసాలు) దగ్గరే పరుగెత్తుతారు. కాబట్టి డ్రమ్మర్ ఫిల్ వాయించేటప్పుడు మిగిలినవారు మనసులో 'తకధిమి' ఆపకూడదు.

బీట్‌కు కాస్త వెనకగా వాయించే తీరు గురించి కూడా ఒక మాట చెప్పాలి. స్నేర్ కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా పడితే పాటకు తీరుబడి వస్తుంది; అయితే హై-హ్యాట్, బేస్ కదలకుండా ఉన్నప్పుడే అది ఆలస్యమని తెలుస్తుంది. అందరూ కలిసి వెనక్కి జారితే పాట నెమ్మదించడం తప్ప మరేమీ జరగదు.

నిలబడే చోటుకు కూడా లయలో పాత్ర ఉంది. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది, కాబట్టి 6 మీటర్ల దూరంలో ఉన్న డ్రమ్స్ శబ్దం చెవికి చేరేసరికి దాదాపు 17 మిల్లీసెకన్లు గడుస్తాయి. బేస్ వాయించేవారు హై-హ్యాట్ పక్కన, డ్రమ్మర్ కుడికాలు కనిపించే చోట నిలబడాలి. రిహార్సల్‌లో అప్పుడప్పుడు ఆంప్లిఫయర్ల శబ్దాన్ని గాయకుడి గొంతు మైకు లేకుండా వినిపించేంతగా తగ్గించి వాయిస్తే, వినడం దానంతటదే మొదలవుతుంది.

ప్రతి రిహార్సల్‌నూ గది మధ్యలో పెట్టిన ఫోన్‌తో రికార్డు చేసి, ఒకసారి కిక్, బేస్ కలయికనే, మరోసారి హై-హ్యాట్, గిటార్ కలయికనే వినాలి. అన్నింటినీ ఒకేసారి విన్నప్పుడు బాగుంది, బాగాలేదు అనడం తప్ప సరిదిద్దదగినదేదీ చేతికి చిక్కదు.

వేదిక మీద ఉత్సాహం వల్ల టెంపో పెరగడం సహజం కాబట్టి, పాటల జాబితాలో ప్రతి పేరు పక్కనా టెంపో అంకె రాసుకోవాలి. లెక్క మొదలుపెట్టే ముందు డ్రమ్మర్ పల్లవిలో మాటలు అత్యంత వేగంగా సాగే పంక్తిని మనసులో ఒకసారి పాడుకోవాలి. ఆ మాటలు తొక్కిసలాట లేకుండా పలికే వేగంలోనే కర్రలు తట్టి నాలుగు లెక్కించాలి.