పాత స్పోర్ట్స్ కారులో బయటి కంపెనీ క్యాటలిటిక్ కన్వర్టర్‌ను గుర్తించడం

కాలిఫోర్నియాలో మాజ్డా కంపెనీ పాత మియాటా వంటి స్పోర్ట్స్ కారు కొనేవారు డబ్బు చెల్లించే ముందే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను, అంటే ఇంజిన్ పొగలోని హానికర వాయువులను తగ్గించే భాగాన్ని, చూసుకోవాలి. అది ఆ కారుకు అనుమతి లేనిదైతే స్మాగ్ పరీక్షలో (పొగ కాలుష్య తనిఖీలో) కారు తప్పుతుంది, సరైనది వేయించే ఖర్చు కొన్నవారి మీద పడుతుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక కారును లిఫ్ట్ మీదికి ఎక్కించండి, జాకీని మాత్రమే నమ్మి కిందికి దూరకండి. కారు కంపెనీ వేసిన కన్వర్టర్ మీద సాధారణంగా తయారీదారు గుర్తో, పార్టు నంబరో అచ్చువేసి ఉంటుంది. బయటి కంపెనీ తయారుచేసి తర్వాత వేసినదైతే, దాని రేకు మీద పొగ వెళ్లే దిశను చూపే బాణం, తయారీ తేదీ, పార్టు నంబరు, వాటితోపాటు 'డి' అక్షరంతో మొదలయ్యే ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ (రాష్ట్ర అనుమతి) నంబరు చెక్కి ఉండాలి. 'ఎన్' అక్షరంతో మొదలయ్యే నంబరు ఒక్కటే కనిపిస్తే అది కేవలం ఫెడరల్ నిబంధనలకు చేసినదై ఉండవచ్చు, కాలిఫోర్నియాలో చెల్లదు. తుప్పు కప్పేస్తే వైరు బ్రష్‌తో మెల్లగా రుద్ది, టార్చిని పక్కవాటుగా పట్టి చూడండి.

నంబరు దొరికినంత మాత్రాన సరిపోదు. దాన్ని రాష్ట్ర వాయు వనరుల బోర్డు వెబ్‌సైటులో వెతికి, మీ కారు సంవత్సరానికి, మోడల్‌కు, ఇంజిన్‌కు ఆ అనుమతి వర్తిస్తుందో లేదో సరిచూడండి. ఎక్కువమంది వదిలేసేది ఈ మెట్టునే.

పాత గొట్టానికి కొత్త వెల్డింగ్, వెనక ఆక్సిజన్ సెన్సర్ (కన్వర్టర్ పనితీరును గమనించేది) కింద దాన్ని ఏమార్చే అదనపు స్పేసర్ ఉంటే కన్వర్టర్‌ను మార్చి ఉండవచ్చు, అమ్మేవారిని బిల్లు అడగండి.