పిల్లలకి టాన్సిల్స్ ఆపరేషన్ ముందు చూసుకోవాల్సినవి

- ఖాళీ కడుపు విషయం చాలా సీరియస్. అన్నం, పాలు మామూలుగా 6 గంటల ముందే ఆపేయమంటారు, మంచినీళ్లు ఎప్పటిదాకా ఇవ్వొచ్చో మత్తు డాక్టర్‌నే అడిగి రాసుకోండి, అమ్మమ్మకి నానమ్మకి కూడా ముందే చెప్పేయండి, ఎందుకంటే వాడు ఏడుస్తుంటే ఒక్క బిస్కెట్టే కదా అని పెట్టేసేది వాళ్లే, మత్తులో వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంటుంది మరి.

- జలుబు, జ్వరం ఉంటే దాచొద్దు, వాయిదా పడినా పర్లేదు.

- ఊగే పన్నుంటే చెప్పండి (మనకసలు తట్టదు ఇది).

- మత్తు దిగేటప్పుడు కొంతమంది బాగా ఏడుస్తారు, మనల్నే తంతారు, కాసేపటికి సర్దుకుంటారు.

- ఇంటికొచ్చాక గొంతులో తెల్లటి పొర కనిపిస్తుంది, అది చీము కాదు. చెవి నొప్పి అన్నా సాధారణంగా గొంతు వల్లే. అసలు తిప్పలు నీళ్లు తాగించడంలోనే, నొప్పి మందు టైముకి వేస్తేనే మింగుతారు, మెత్తగా పెరుగన్నం ఓకే, జంతికలు చిప్స్ వద్దు. ఆస్పిరిన్ అసలొద్దు.

- వారం తర్వాత కూడా రక్తం రావచ్చు కాబట్టి 2 వారాలు ఊరి ప్రయాణాలు పెట్టుకోకండి, నోట్లో ఎర్రగా తాజా రక్తం కనపడితే అర్ధరాత్రైనా సరే హాస్పిటల్‌కే.